హాజరు పుస్తకంలో పేరు

తాడిపత్రి పేరు చెప్పగానే చాలామందికి పెన్న ఒడ్డునున్న బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి, ఊరి లోపలి చింతల వెంకటరమణస్వామి గుడి గుర్తుకు వస్తాయి. విజయనగర కాలపు శిల్పులు ఆ గోపురాల మీద రాతిని ఎంత నాజూకుగా చెక్కారో చూడడానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. మేము పుట్టి పెరిగిన వాడలో మాత్రం రాయి అంటే వారం కూలి. చుట్టుపక్కల గనుల్లో తీసిన నాపబండలను కోసి, నునుపు చేసి, లారీలకు ఎత్తి బెంగళూరుకూ మద్రాసుకూ పంపే పాలీషు ఫ్యాక్టరీలు, తరువాతి కాలంలో వాటి పక్కనే వెలసిన గ్రానైట్ యూనిట్లు మా ఊరి సగం ఇళ్లలో పొయ్యి వెలిగించాయి. ఆ ఫ్యాక్టరీల కార్మికుల కోసం 1980ల చివరి నుంచి పనిచేసిన ఒక చిన్న యూనియన్ గురించి నాకు తెలిసినంత రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దానికి సొంత భవనం లేదు, పత్రికల్లో దాని పేరు అరుదుగా కనిపించేది. అయినా మా వాడ బతుకులో నిలిచిన మార్పులు చాలావరకు దాని చేతుల మీదుగానే వచ్చాయని నా గట్టి నమ్మకం.

మా నాయన లారీలకు బండలు ఎత్తే హమాలీ ముఠాలో ఉండేవాడు. అమ్మ ఒక ఫ్యాక్టరీలో నునుపైన బండలను కడిగి, తుడిచి, వరుసగా నిలబెట్టే పని చేసేది. చిన్నాయన పాలీషు మిషన్ నడిపేవాడు, కొంతకాలానికి యూనియన్ కార్యదర్శి అయ్యాడు. నేను అప్పుడు హైస్కూలులో చదువుతున్నాను. నా చేతిరాత బాగుంటుందని ఇంట్లో పేరుండేది కాబట్టి అర్జీలన్నీ నా చేతనే రాయించేవాడు. ‘గౌరవనీయులైన సహాయ కార్మిక అధికారి గారికి’ అన్న మాటతో మొదలయ్యే కాగితాలు ఎన్ని రాశానో లెక్కలేదు. కార్బన్ పేపరు పెట్టి మూడు ప్రతులు తీయాలి. ఒకటి కార్మిక శాఖకు, ఒకటి మండల కార్యాలయానికి, మూడోది అందినట్లు సంతకం, ముద్ర వేయించుకుని మన దగ్గర దాచుకోవడానికి. ఆ మూడో ప్రతి మీద చిన్నాయనకు ప్రాణం. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టే లెక్క కాదని చెప్పేవాడు. రేకు పెట్టెలో సంవత్సరాల వారీగా దారంతో కట్టి పెట్టేవాడు.

పని ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ తరువాతి సంగతులన్నీ దాని నుంచే పుట్టాయి. గని నుంచి ట్రాక్టరు మీద వచ్చిన ముడిబండను ముందు కటింగు మిషన్ మీద పెట్టి నాలుగు అంచులూ కోస్తారు. ఆ తరువాత గిరగిర తిరిగే సానరాళ్ల కింద పెట్టి గరుకు నుంచి నునుపుకు మూడు నాలుగు దఫాలుగా తెస్తారు. కోతకైనా నునుపుకైనా పై నుంచి నీళ్లు పడుతూనే ఉండాలి, లేకపోతే బ్లేడు వేడెక్కి చెడిపోతుంది, దుమ్ము లేచి మనిషి కనిపించడు. అందుచేత నేల ఎప్పుడూ తడిగానే ఉండేది, రాతి పిండి కలిసిన బూడిదరంగు బురద పాదాల మీదికి వచ్చేది. ఆ తడిలోనే మోటార్లు, ఆ తడి మీదుగానే కరెంటు వైర్లు. ఎర్త్ వైరు ఉన్న మిషన్లు తక్కువ, రబ్బరు బూట్లు ఉన్న మనుషులు అంతకన్నా తక్కువ. మిషన్ ముట్టుకుంటే ‘జివ్వుమంటాంది’ అని చెప్పుకోవడం మామూలు మాట. అలా జివ్వుమన్నప్పుడు పనివాళ్లు కాళ్ల కింద చెక్కపలక వేసుకుని పని సాగించేవారు.

హమాలీల బాధ వేరు. ఇద్దరు పట్టుకుని ఎత్తే బండ ఒక వైపు జారితే వేళ్లు పోతాయి, పాదం నలుగుతుంది. నాయన కుడిచేతి చూపుడువేలు గోరు లేకుండానే మొద్దుబారి పోయింది. మా వాడలో ఏదో ఒక వేలు సరిగా ఉన్న హమాలీ పెద్దవాళ్లలో అరుదు. ఇలా దెబ్బ తగిలినప్పుడు ఓనరు కట్టు కట్టించి, ఆ వారం కూలి ఇచ్చి పంపితే మంచివాడని చెప్పుకునేవాళ్లు. అది దయగా జరిగేది తప్ప హక్కుగా జరిగేది కాదు. ఎందుకు హక్కు కాలేదన్న ప్రశ్నకు జవాబు వెతకడంతోనే ఆ యూనియన్ అసలు పని మొదలైంది.

ఆ రోజుల్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటు వాడే చోట పదిమంది లేదా అంతకు మించి పనిచేస్తుంటే అది ఫ్యాక్టరీ. అప్పుడు తిరిగే యంత్రాలకు కంచె ఉండాలి, దుమ్మును బయటికి పంపే ఏర్పాటు ఉండాలి, తాగునీరు, మరుగుదొడ్లు ఉండాలి, వారానికి 48 గంటలకు మించి పని ఉండకూడదు, మించితే రెట్టింపు కూలి ఇవ్వాలి. భవిష్యనిధి (పీఎఫ్) చట్టం వర్తించడానికి 20 మంది లెక్క. చట్టాలు ఇంత వివరంగా ఉన్నప్పుడు మా వాళ్లకు ఇవేవీ ఎందుకు అందలేదంటే, పాతికమంది పనిచేసే చోట హాజరు పుస్తకంలో ఎనిమిది పేర్లో తొమ్మిది పేర్లో ఉండేవి. మిగిలినవాళ్లు కాగితం మీద లేరు. ఇనస్పెక్టరు వచ్చే రోజు ముందే తెలిసేది, ఆ రోజు ఆడవాళ్లను ఇంటికి పంపేవాళ్లు.

ఇక్కడ చిన్నాయన పట్టుకున్న సంగతి ఒకటుంది. హాజరు పుస్తకంలో లేని పేర్లన్నీ ఇంకో పుస్తకంలో ఉండేవి. అది అడ్వాన్సుల పుస్తకం. పెళ్లికో, జబ్బుకో, శ్రావణమాసం ఖర్చుకో ఓనరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు వారం వారం కూలిలో కోత పడేది, ఆ పద్దులో ప్రతి మనిషి పేరూ, తండ్రి పేరూ, తేదీ, వేలిముద్ర పొల్లుపోకుండా ఉండేవి. ‘బాకీ రాసేదానికి మనం ఉండాం, పని చేసినట్టు రాసేదానికి మాత్రం లేము’ అని ఆయన గేటు మీటింగుల్లో చెప్పేవాడు. ఆ మాట వినగానే అన్నం మూటలు విప్పుతున్నవాళ్లు చేతులు ఆపి తలెత్తేవాళ్లు. నాకు తెలిసినంతలో ఆ యూనియన్ చేసిన ప్రసంగాలన్నిటిలోకీ బలమైనది ఈ ఒక్క వాక్యమే.

పాలీషు చేసే ఒక కుర్రవాడు వానాకాలంలో ఒకరోజు మిషన్ దగ్గరే కరెంటు కొట్టి చనిపోయాడు. పెళ్లై ఏడాది దాటలేదు, భార్య కడుపుతో ఉంది. ఆ ఫ్యాక్టరీ పేరు, ఓనరు పేరు ఇక్కడ రాయను, వాళ్ల పిల్లలు ఇప్పటికీ మా ఊళ్లోనే ఉన్నారు. ఓనరు వైపు నుంచి వచ్చిన వాదన ఏమిటంటే, ఆ అబ్బాయి తమ దగ్గర పనివాడే కాదు, బండలు బేరం చేయడానికి వచ్చి మిషన్‌ను తాకాడు. హాజరు పుస్తకంలో ఆ పేరు లేదన్నది నిజమే. పరామర్శకు వచ్చినప్పుడు కొంత డబ్బు చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద సంతకం అడిగారు. కుర్రవాడి తండ్రి ఆ కాగితాన్ని తీసుకుని చిన్నాయన దగ్గరికి వచ్చాడు.

అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం ప్రకారం పనిలో మనిషి చనిపోతే అతని వయసును, కూలిని బట్టి పరిహారం లెక్కగట్టి కుటుంబానికి ఇవ్వాలి. వయసు ఎంత తక్కువైతే మొత్తం అంత పెరుగుతుంది, ఎందుకంటే బతికుంటే ఇంకా ఎన్నేళ్లు సంపాదించేవాడో అన్నది లెక్క. రెండేళ్లలోపు కార్మిక శాఖలోని కమిషనరు ముందు దరఖాస్తు వేయాలి. ఇదంతా జరగాలంటే అతను అక్కడ పనిచేశాడని మొదట నిరూపించాలి. తోటి పనివాళ్లు సాక్ష్యం చెప్పడానికి భయపడ్డారు. వాళ్లను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు, అడ్వాన్సు తీరనివాడు ఓనరుకు ఎదురుగా నిలబడి సాక్ష్యం ఎలా చెబుతాడు?

అందుకని యూనియన్ మనుషులకు బదులు కాగితాల కోసం వెతికింది. ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ కొట్టు నడిపే పెద్దాయన దగ్గర ఖాతా పుస్తకం ఉండేది. అందులో ఆ అబ్బాయి పేరు మీద ఏడాదిన్నరగా రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి టీలు రాసి ఉన్నాయి, ఆదివారాలు తప్ప. మా నాయన ముఠా దగ్గర లారీ లోడు చీటీలు ఉండేవి, బండల లెక్క ఎవరు అప్పజెప్పారో వాటి మీద సంతకం ఉంటుంది. కొన్ని చీటీల మీద అతని సంతకం దొరికింది. భార్య పుస్తెలు కుదువపెట్టినప్పుడు రాయించుకున్న కాగితంలో వృత్తి అన్నచోట ఆ ఫ్యాక్టరీ పేరుతో సహా పాలీషు మేస్త్రీ అని ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, అడ్వాన్సు కోతకు ఓనరు గుమాస్తా ఇచ్చిన ఒక ముక్క కాగితం ఆమె బియ్యం డబ్బాలో దొరికింది. ఈ కాగితాలన్నిటికీ నేను నకళ్లు రాశాను. జిరాక్సు మిషన్ ఊళ్లో ఉన్నా దానికి డబ్బులు ఖర్చు, అదీగాక నకళ్లు రాస్తుంటే ఏ తేదీకి ఏ తేదీ కలుస్తుందో కనిపించేది. లోడు చీటీల తేదీలు టీ ఖాతా తేదీలతో ఒక్కొక్కటీ కలుస్తుంటే చిన్నాయన పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ పోయాడు.

వాయిదాలు చాలా నడిచాయి. ప్రతి వాయిదాకూ అనంతపురం బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోవడం. ముఠా వాళ్లు లారీకి ఇంతని చందా వేసుకుని ఆ ఖర్చు భరించారు. చివరికి ఆ అబ్బాయి అక్కడి కార్మికుడేనని కమిషనరు ఒప్పుకున్నారు, పరిహారం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. ఆ డబ్బు ఆ అమ్మాయి పేరున బ్యాంకులో పడే నాటికి ఆమె కొడుకు అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. ఆ తీర్పు రోజున మా వాడలో ఎవరూ సంబరం చేయలేదు, అది సంబరానికి సందర్భం కాదు. కానీ మరునాటి నుంచి గేటు మీటింగులకు వచ్చేవాళ్ల సంఖ్య పెరిగింది, వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు మారాయి. అంతకు ముందు ‘కూలి ఎంత పెంచుతారు’ అని అడిగేవాళ్లు. ఇప్పుడు ‘నా పేరు యాడ రాసినారో నాకు చూపించమని అడగొచ్చునా’ అని అడగసాగారు.

హాజరు కార్డు ఉద్యమం అక్కడి నుంచే మొదలైంది. ప్రతి పనివాడికీ, పనిచేసే ప్రతి ఆడమనిషికీ ఫ్యాక్టరీ ముద్రతో ఒక కార్డు ఉండాలి, రోజూ అందులో సంతకం పడాలి, అది కార్మికుడి దగ్గరే ఉండాలి అన్నది కోరిక. గోడల మీద సున్నం పూసి జాజుతో రాతలు రాశారు. ఊరి ప్రెస్సులో గులాబీ రంగు కాగితం మీద కరపత్రాలు వేశారు. సాయంత్రం పూట డప్పుతో వీధి వీధీ తిరిగారు. యూనియన్ తానే కొన్ని కార్డులు అచ్చు వేయించి, ‘మీరు వేయించకపోతే మేమే ఇస్తాం, మీరు ముద్ర వేయండి చాలు’ అని ఓనర్ల ముందు పెట్టింది. మొదట ఒప్పుకున్నది పెద్ద ఫ్యాక్టరీ కాదు. ఒకప్పుడు తాను కూడా కటింగు మిషన్ నడిపి, అప్పుచేసి రెండు మిషన్లతో షెడ్డు వేసుకున్న ఒక చిన్న ఓనరు. ఆయన ఇచ్చిన కార్డులను చూపించి మిగిలినవాళ్లను అడగడం సులువైంది. కొందరు ఇచ్చారు, కొందరు పేరుకు ఇచ్చి నింపలేదు, కొందరు అసలు ఇవ్వలేదు. అన్ని ఫ్యాక్టరీల్లోనూ గెలిచామని చెబితే అబద్ధమవుతుంది. కార్డు ఉన్న చోట దెబ్బ తగిలితే పరిహారం గురించి మాట్లాడటం ముందు కన్నా తేలికైందన్నది మాత్రం నేను కళ్లారా చూశాను.

పెద్దవాళ్లు యూనియన్ల చరిత్ర చెప్పేటప్పుడు కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారి దగ్గర మొదలుపెట్టేవాళ్లు. మా జిల్లా తరిమెల ఊరివాడు, 1952 ఎన్నికల్లో జైలులో ఉండే పోటీచేసి అనంతపురంలో నీలం సంజీవరెడ్డి గారిని ఓడించాడు, ఆ ఇద్దరూ బావబావమరుదులు. ఈ కథ మేడే సభల్లో ప్రతి ఏడాదీ వినేవాళ్లం. మేడే నాడు జెండా ఎగరేశాక బెల్లం, శనగపప్పు పంచేవాళ్లు. దేశంలో మొదటి మేడే జెండాను 1923లో మద్రాసు బీచిలో సింగారవేలు గారు ఎగరేశారని నాకు పాఠ్యపుస్తకం కన్నా ముందు ఆ సభలోనే తెలిసింది.

ఆ సభల్లో ఆడవాళ్లు వెనక వరుసలో కూర్చునేవాళ్లు. ఫ్యాక్టరీల్లో వాళ్లు సగం మంది అయినా కమిటీలో ఒక్కరూ లేరు. ఒకసారి కోరికల పట్టిక తయారవుతుంటే చిన్నాయన అమ్మ వైపు తిరిగి ‘వదినా, మీ ఆడోళ్లకు ఏం కావల్ల, నువ్వు చెప్పు’ అన్నాడు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత లేచి నిలబడి, పొద్దున ఏడు గంటలకు పనిలోకి పోతే మళ్లీ చీకటి పడేదాకా ఆడవాళ్లు బయటికి పోవడానికి చోటు లేదని, అందుకే పగలంతా నీళ్లు తాగకుండా ఉంటామని, ఎండాకాలంలో అందువల్లనే మూత్రంలో మంట, జ్వరం వస్తున్నాయని చెప్పింది. మగవాళ్లు తల దించుకున్నారు. అమ్మ ఆగలేదు. మగవాడికి ఇచ్చే కూలిలో మాకు సగానికి కొంచెం ఎక్కువ ఇస్తున్నారు, మేము మోసే ముక్కబండలు వాళ్ల బండల కన్నా తేలికా అని అడిగింది. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలన్న చట్టం 1976లోనే వచ్చింది, ఆ సంగతి అక్కడున్న మగవాళ్లకూ చాలామందికి తెలియదు.

ఆ రోజు నేను రాసిన పట్టికలో మరుగుదొడ్డి మొదటి కోరికగా ఎక్కింది, కూలి పెంపు మూడోదానికి జరిగింది. ఆ తరువాతి కాలంలో చాలా ఫ్యాక్టరీల్లో రేకులతోనైనా ఒక గది వేశారు. కూలి తేడా తగ్గింది కానీ పోలేదు. అమ్మ కమిటీలోకి వచ్చింది. ఆమె చదువుకోలేదు, కానీ ఏ ఫ్యాక్టరీలో ఎంతమంది ఆడవాళ్లు, ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్నది నోటికి చెప్పేది. నేను రాసిన జాబితాను ఆమె చెప్పినదానితో సరిచూసుకునేవాళ్లం.

ఉపాధి విషయంలో యూనియన్ తీసుకున్న ఒక నిర్ణయం మీద అప్పట్లో విమర్శలు వచ్చాయి. 2012, 2013 సంవత్సరాల్లో రాష్ట్రంలో కరెంటు కొరత తీవ్రమై పరిశ్రమలకు వారానికి మూడు రోజుల దాకా పవర్ హాలిడే ప్రకటించారు. మిషన్ ఆగితే ఓనరుకు నష్టం, పనివాడికి ఆ రోజు కూలి సున్నా. అడుగుల లెక్కన కూలి తీసుకునే పాలీషు పనివాళ్ల ఇళ్లలో వారంలో సగం రోజులు పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ప్రశ్న. అప్పుడు యూనియన్ ఓనర్లతో కలిసి కరెంటు ఆఫీసు ముందు ధర్నాకు కూర్చుంది. ఓనర్ల పక్కన కూర్చోవడమేమిటని కొందరు సొంతవాళ్లే కోప్పడ్డారు. చిన్నాయన జవాబు సూటిగా ఉండేది: కరెంటు గురించి కలిసి అడుగుదాం, అదే చోట ఆగిన రోజులకు సగం కూలి ఇమ్మని వాళ్లను అడుగుదాం. సగం కూలి ఇచ్చినవాళ్లు కొద్దిమందే, అయినా ఆ నిర్ణయం సరైనదని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక హాజరు పుస్తకం ఎవరిని అడుగుతాం? అప్పటికే ఇళ్లలో నాపబండకు బదులు టైల్సు వేయించుకోవడం పెరిగి, చిన్న షెడ్లు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. అక్కడి పనివాళ్లు గ్రానైట్ యూనిట్లకు పోయారు, కొందరు బెంగళూరు కట్టడాలకు పోయారు.

గ్రానైట్ యూనిట్లతో దుమ్ము సమస్య పెద్దదైంది. నాపబండ సున్నపురాయి జాతికి చెందినది, దానిలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, తక్కువ. గ్రానైట్‌లో క్వార్ట్జ్ రూపంలో సిలికా చాలా ఎక్కువ. దాన్ని నీళ్లు లేకుండా చేతి గ్రైండరుతో అంచులు కోసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేదానికన్నా కనిపించనిదే ప్రమాదం, అంత సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి. ముఖానికి కట్టుకునే తువాలు వాటిని ఆపలేదు. ఆ రేణువుల చుట్టూ ఊపిరితిత్తి మచ్చపడి గట్టిపడుతుంది, ఈ జబ్బునే సిలికోసిస్ అంటారు, దానికి వైద్యం లేదు, పని మానేశాక కూడా జబ్బు ముదురుతూ పోవచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ సోకే ప్రమాదం ఎక్కువ కాబట్టి రెండూ కలగాపులగమవుతాయి.

మా వాడలో దగ్గుతో ఆయాసపడే నలభై ఏళ్ల మనుషులందరికీ క్షయ అనే పేరు పడేది. ఆరు నెలలు మందులు మింగేవాళ్లు, కొంత తగ్గేది, ఆయాసం మాత్రం పోయేది కాదు, మళ్లీ మందులు. ఆస్పత్రి చీటీ మీద ఏం పని చేస్తున్నావని అడిగే గడి ఉండదు. అప్పటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, అంటే వృత్తిజబ్బుల పట్టికలో, సిలికోసిస్ ఉండేది, ఈ జబ్బు కనిపించిన వైద్యుడు ప్రభుత్వానికి తెలియజేయాలని చట్టంలోనే ఉండేది. అది పరిహారానికి అర్హమైన వృత్తిజబ్బు కూడా. కానీ మళ్లీ అదే ప్రశ్న ఎదురవుతుంది: ఎక్కడ పనిచేశావు, ఎన్నేళ్లు చేశావు, రుజువు ఏది? యూనియన్ ఛాతీ ఎక్స్‌రే శిబిరాల కోసం అర్జీలు పెట్టడం మొదలుపెట్టినప్పుడు నేను ఉద్యోగరీత్యా కర్నూలులో ఉన్నాను, సెలవులకు వచ్చినప్పుడు ఆ అర్జీలు రాసేదాన్ని. ఎక్స్‌రేలు తీసిన ఒక ఊపిరితిత్తుల డాక్టరు గారు ప్రతి ఫిల్ము కవరు మీద రోగి పేరు కింద ‘గ్రానైట్, ఇన్నేళ్లు, పొడి కోత’ అని రాయించారు. ఆ అలవాటును యూనియన్ ఆ తరువాత వదల్లేదు.

ఆ రోజుల్లోనే రాజస్థాన్ నుంచి, ఒడిశా నుంచి పనివాళ్లు రావడం ఎక్కువైంది. ముందు మావాళ్లు వాళ్లను దూరం పెట్టారు, మన కూలి తగ్గిస్తున్నారన్న కోపం ఉండేది. చిన్నాయన తనకు వచ్చిన కొద్దిపాటి హిందీతో వాళ్ల షెడ్ల దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. రాతిపని తెలిసిన రాజస్థాన్ వాళ్లకు ఈ జబ్బు గురించి మాకన్నా ఎక్కువ తెలుసు, వాళ్ల ఊళ్లలో చాలా చావులు చూశారు. ఆ రాష్ట్రం 2019లో సిలికోసిస్ రోగుల కోసం ప్రత్యేక విధానం తెచ్చిందని, జబ్బు నిర్ధారణ అయినప్పుడు 3 లక్షల రూపాయలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తారని మాకు మొదట చెప్పింది వాళ్లే. అటువంటి విధానం మన రాష్ట్రంలో కూడా ఉండాలన్న కోరిక అప్పటి నుంచి ప్రతి అర్జీలో ఉంది.

2018 జులై 12న మా తాడిపత్రిలోనే ఒక ఉక్కు కర్మాగారంలో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు జరిగి ఒడిశా నుంచి వచ్చిన వలస కార్మికులు పదిమందికి పైగా పోయారు. 2021 మేలో కడప జిల్లా మామిళ్లపల్లె గనిలో పేలుడు పదార్థాలు దించుతుండగా మరో పదిమంది వరకు ముక్కలైపోయారు. ఈ మూడు వార్తలూ చదివినప్పుడు నాకు మొదట తోచిన ఆలోచన ఒక్కటే: వీళ్లందరి పేర్లూ ఆ రోజు ఉదయం ఏదో ఒక పుస్తకంలో ఉన్నాయా? పెద్ద ప్రమాదమైతే మంత్రులు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు. షెడ్డులో ఒక్కడు కరెంటు కొట్టి పోతే రాత్రికి రాత్రి కాగితం మీద సంతకం అడగడానికి వస్తారు. యూనియన్ అవసరం ఆ రెండో చోటే ఎక్కువని నేను అనుకుంటాను.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కరెంటు వాడే ఫ్యాక్టరీకి పదిమంది లెక్కను 20కి పెంచారు. మా ఊళ్లో మిగిలిన చిన్న షెడ్లలో అంతమంది ఉండే చోట్లు తక్కువ. ఈ సంగతి చెప్పినప్పుడు చిన్నాయన ‘అప్పుడు తొమ్మిది పేర్లు రాస్తాండ్రి, ఇంక పంతొమ్మిది రాస్తారు’ అన్నాడు, చాలా బాధగా. ఆయనకు ఇప్పుడు వయసు మీదపడింది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఆయన ఎక్స్‌రే కవరు మీద కూడా పాలీషు, నీటి కోత, ఎన్నేళ్లు అన్న వివరాలన్నీ ఉన్నాయి.

యూనియన్ ఇప్పుడు ఒక మహిళ చేతిలో నడుస్తోంది. ఆమె తల్లి అమ్మతో కలిసి బండలు తుడిచిన మనిషి. ఈ ఏడాది వాళ్లు ప్రతి యూనిట్‌కూ తిరిగి ఒక కొత్త నోటుపుస్తకం నింపుతున్నారు: పేరు, సొంత ఊరు, ఏ సంవత్సరం నుంచి ఏ యూనిట్‌లో పని, తడి కోతా పొడి కోతా, మాస్కు ఇచ్చారా, అడ్వాన్సు ఎంత, హాజరు కార్డు ఉందా, చివరి ఎక్స్‌రే ఎప్పుడు. హిందీలో చెప్పేవాళ్ల వివరాలు హిందీలోనే రాసుకుని, పక్కన తెలుగులో రాస్తున్నారు. పూర్తయ్యాక మూడు ప్రతులు తీసి, ఒకటి కార్మిక శాఖకు, ఒకటి జిల్లా వైద్యాధికారికి ఇచ్చి, మూడోదాని మీద ముద్ర వేయించుకోవాలని తీర్మానం చేశారు. ఇప్పటికి సగం యూనిట్లు పూర్తయ్యాయి.